చిప్ లేదు, బ్యాటరీ లేదు.. కరెంటు పోయినా ఇల్లు తడవనివ్వని సైఫన్ ఓవర్‌ఫ్లో!

ఈ సైట్‌లో ఫోన్ల డ్రాప్ టెస్టులు, ఇయర్‌బడ్స్ బ్యాటరీ టెస్టులు చాలానే చూసుంటారు. ఈసారి రివ్యూకి తీసుకున్న దాంట్లో ప్రాసెసర్ లేదు, స్క్రీన్ లేదు, యాప్ అసలే లేదు. ఉన్నదల్లా ఒక ఇంచు పీవీసీ పైపు, కొన్ని ఎల్బోలు, ఒక టీ. హార్డ్‌వేర్ షాపులో 500 రూపాయల లోపు అయిపోయే సామాను. కానీ ఇది సరిగ్గా పనిచేయకపోతే రీస్టార్ట్ కొట్టి ఊరుకునే సీన్ ఉండదు. హాల్లో నీళ్లు, ట్యాంకులో చేపల ప్రాణాలు, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగు, ఓనర్ దగ్గర ఉన్న మన అడ్వాన్స్.. అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

పగలు సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం నా ఉద్యోగం. అక్కడ ఒక మాట తరచూ వింటాం: "ఇది ఎలా పనిచేస్తుందో తర్వాత చెప్పు, ఎలా ఫెయిల్ అవుతుందో ముందు చెప్పు" అని. ఈ పైపుని కూడా నేను ఆ కళ్లతోనే చూశాను. మీరూ అలాగే చూస్తే సగం పని అయిపోయినట్టే.

అసలు ఓవర్‌ఫ్లో ఎందుకు?

నా ట్యాంకు లోపలి కొలత 90 × 45 × 45 సెం.మీ. అంచుదాకా నింపితే 182 లీటర్లు. దీని కింద క్యాబినెట్‌లో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది, దాన్ని సంప్ అంటారు. ఫిల్టర్ మీడియా, హీటర్ అన్నీ అందులోనే. పై ట్యాంకు నుంచి నీళ్లు కిందికి దిగాలి, అక్కడ శుభ్రపడి, పంపు ద్వారా మళ్లీ పైకి రావాలి. పైగా ఓవర్‌ఫ్లో నీళ్లని ఉపరితలం నుంచే తీసుకుంటుంది కాబట్టి, పైన పేరుకునే జిడ్డు పొర కూడా పోతుంది. నీళ్లకి ఆక్సిజన్ బాగా అందుతుంది.

దీనికి బెస్ట్ పద్ధతి గాజుకి రంధ్రం వేయించడం. కానీ ఆల్రెడీ చేపలున్న ట్యాంకుకి రంధ్రం వేయలేం కదా. టెంపర్డ్ గ్లాస్ అయితే డ్రిల్ తగలగానే ముక్కలు ముక్కలవుతుంది. అలాంటప్పుడు నీళ్లని అంచు మీదుగా ఎక్కించి బయటికి దించాలి. అదే సైఫన్.

"దానికేముంది, ఒక ట్యూబ్ వేలాడదీస్తే సరిపోతుందిగా?" అనుకోవచ్చు. కరెంటు ఉన్నంతసేపూ ఏదోలా నెట్టుకొస్తుంది. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, ట్యూబ్ మాత్రం ఆగదు. దాని మూతి నీళ్లలో ఉన్నంతవరకూ లాగుతూనే ఉంటుంది. సంప్ నిండాక నీళ్లు వెళ్లేది మీ ఫ్లోర్ మీదికే. పోనీ మూతి బయటపడి సైఫన్ తెగిందే అనుకుందాం. కరెంటు వచ్చాక పంపు నీళ్లని పైకి తోస్తుంది, అవి దిగే దారి ఉండదు. కరెంటు పోయినా ఇబ్బందే, వచ్చినా ఇబ్బందే అన్నమాట!

డిజైన్: పైన ఒక యూ, కింద రెండు యూలు

ఈ పైపు రూపం చూడండి. ట్యాంకు లోపల నీటి ఉపరితలం దగ్గర పైకి తెరుచుకుని ఉండే ఒక నిలువు పైపు. దాని పై అంచుకి హ్యాక్సాతో సన్నటి గాట్లు పెడతాం, చేపలు దూరకుండా. నీళ్లు అందులో పడి కిందికి దిగుతాయి, రెండు ఎల్బోల దగ్గర యూ-టర్న్ తీసుకుని పైకి ఎక్కుతాయి, ట్యాంకు అంచు దాటి బయట కిందికి దిగుతాయి. అక్కడ మళ్లీ యూ-టర్న్, మళ్లీ కాస్త పైకి. ఆ పైన ఒక టీ. టీ పక్క మూతి నుంచి పొర్లిన నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. టీ పై మూతి గాలికి తెరిచే ఉంటుంది.

కిటుకంతా ఆ రెండు కింది యూలలోనే ఉంది. కరెంటు పోతే ట్యాంకు నీళ్లు లోపలి పైపు గాట్ల దాకా తగ్గి ఆగిపోతాయి. యూ వంపుల్లో మాత్రం నీళ్లు నిలబడే ఉంటాయి. రెండు వైపులా మూతులు నీళ్లలో మునిగి ఉన్నట్టే కాబట్టి పైన ఉన్న తలకిందుల యూలోకి గాలి వెళ్లదు. కరెంటు వచ్చి నీటి మట్టం పెరగ్గానే ప్రవాహం దానంతట అదే మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే, సిస్టమ్ ఆఫ్ అవ్వదు.. స్లీప్ మోడ్‌లోకి వెళ్తుంది.

నా ట్యాంకులో ఎత్తులు ఇవి. అన్నీ ట్యాంకు అడుగు నుంచి కొలిచినవే:

• ట్యాంకు అంచు: 45 సెం.మీ.
• పంపు నడుస్తున్నప్పుడు నీటి మట్టం: 41 సెం.మీ.
• లోపలి పైపు గాట్ల అడుగు: 39 సెం.మీ.
• బయటి టీ దగ్గర నీళ్లు పొర్లే ఎత్తు: 27 సెం.మీ.
• కింది యూ వంపులు: 12 సెం.మీ.

చాలామంది పొరబడేది ఇక్కడే

సంప్ ఎంత కింద ఉంటే సైఫన్ అంత గట్టిగా లాగుతుందని చాలామంది నమ్మకం. ఈ డిజైన్‌లో అది నిజం కాదు. టీ పైన గాలికి తెరిచి ఉంది కాబట్టి సైఫన్ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత నీళ్లు ఊరికే జారిపోతున్నాయంతే. సంప్ ఒక అడుగు కింద ఉన్నా, పది అడుగుల కింద ఉన్నా తేడా లేదు. ప్రవాహాన్ని నడిపేది లోపలి పైపులోని నీటి మట్టానికీ, బయటి టీ మట్టానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే.

నాకు కావాల్సింది గంటకి 900 లీటర్లు. అంటే సెకనుకి 250 మిల్లీలీటర్లు. పైపు లోపలి వ్యాసం 25 మి.మీ. అయితే నీటి వేగం సెకనుకి సుమారు 51 సెం.మీ. ఆరు ఎల్బోలు, ఒక టీ, మీటరు పైచిలుకు పైపు.. వీటన్నిటి రాపిడిని దాటాలంటే సుమారు 10 నుంచి 11 సెం.మీ. ఎత్తు తేడా కావాలి. అందుకే టీని 39కి ఆనుకుని 37 దగ్గర పెట్టకుండా 27 దగ్గర పెట్టాను. టీ ఎత్తు ఎక్కువైతే పైపు చూడ్డానికి బానే ఉంటుంది, నీళ్లు మాత్రం పంపు వేగాన్ని అందుకోలేక ట్యాంకులో పైకి పెరిగిపోతాయి.

"అయితే లావు పైపు పెడితే పోలా?" కాదు. ఇక్కడే గాలి బుడగల లెక్క వస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల సైజు బుడగ నీళ్లలో సెకనుకి ఇంచుమించు 20 నుంచి 30 సెం.మీ. వేగంతో పైకి లేస్తుంది. ఒక ఇంచు పైపులో నీళ్లు 51 సెం.మీ. వేగంతో కిందికి దిగుతున్నాయి కాబట్టి బుడగని లాక్కుపోతాయి. అదే 40 మి.మీ. పైపు పెడితే వేగం 20కి పడిపోతుంది. బుడగలు కదలవు. ఒకదానితో ఒకటి కలిసి పై వంపులో గాలి గదిలా తయారవుతాయి. కొన్ని రోజులకి సైఫన్ తెగుతుంది. పెద్ద పైపు అంటే ఎక్కువ సేఫ్టీ అనుకోవడం, ఎక్కువ మెగాపిక్సెళ్లుంటే మంచి కెమెరా అనుకోవడం లాంటిదే!

పంపు బాక్స్ మీద రాసే లీటర్ల లెక్క కూడా అలాగే ఎత్తు సున్నా ఉన్నప్పటిది. నీళ్లని మీటరు పైకి ఎక్కించేసరికి అది బాగా తగ్గుతుంది. కాబట్టి బకెట్ టెస్ట్ చేయండి. 10 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే గంటకి 900 లీటర్లు. దీనికంటే నమ్మకమైన బెంచ్‌మార్క్ లేదు.

జిగురు పూసే ముందు రెండు లెక్కలు

మొదటిది: కరెంటు పోతే సంప్ పొర్లుతుందా? ట్యాంకు నీళ్లు 41 నుంచి 39కి తగ్గుతాయి. నా ట్యాంకులో ఒక సెం.మీ. ఎత్తు అంటే 4.05 లీటర్లు. రెండు సెం.మీ.కి 8.1 లీటర్లు, పైపుల్లో ఉన్నది ఇంకో లీటరు వేసుకోండి. మొత్తం 10 లీటర్ల లోపే. సంప్‌లో కనీసం 15 లీటర్ల ఖాళీ ఉండేలా గాజు మీద టేపుతో మ్యాక్స్ గీత పెట్టాను. నీళ్లు ఎప్పుడు పోసినా ఆ గీత దాటకూడదు.

ఇక్కడ ఇంకో దొంగదారి ఉంది: పంపు నుంచి పైకి వచ్చే రిటర్న్ పైపు. దాని మూతి నీళ్లలో లోతుగా మునిగి ఉంటే, కరెంటు పోగానే అదే వెనక్కి సైఫన్ అయిపోతుంది. అందుకని ఆ పైపుకి నీటి మట్టానికి ఒక సెం.మీ. కింద చిన్న రంధ్రం పెట్టాలి. మట్టం అక్కడిదాకా తగ్గగానే గాలి పీల్చుకుని ఆగిపోతుంది. నెలకోసారి ఆ రంధ్రం నాచుతో మూసుకుపోలేదు కదా అని చూసుకోండి.

రెండోది: సైఫన్ తెగి, పంపు మాత్రం ఆడుతూనే ఉంటే ట్యాంకు పొర్లుతుందా? సంప్‌లో పంపు ఉండే గది 20 × 30 సెం.మీ. అందులో పంపు లాగగలిగే నీళ్లు 13 సెం.మీ. ఎత్తు, అంటే 7.8 లీటర్లు. అవన్నీ పైకి వచ్చినా ట్యాంకు మట్టం పెరిగేది 2 సెం.మీ. లోపే. 41 కాస్తా 43 అవుతుంది. అంచు 45 దగ్గర ఉంది. ఫ్లోర్ సేఫ్!

ఈ రెండు లెక్కలూ పాసైతే, కరెంటు పోయినా, సైఫన్ తెగినా నీళ్లు గాజు దాటవు. ఒక్క సెన్సర్ లేకుండా, ఒక్క లైన్ కోడ్ లేకుండా.

తయారీలో గుర్తుంచుకోవాల్సినవి

ముందు అన్నీ జిగురు లేకుండా అమర్చి ఎత్తులు సరిచూసుకోండి. తర్వాతే సాల్వెంట్ సిమెంట్. పైపు కోసిన అంచుల్ని ఇసుక కాగితంతో నున్నగా చేయండి. అతికించాక 24 గంటలు ఆరనిచ్చి, బాగా కడిగి, ఆ తర్వాతే చేపల నీళ్లలో పెట్టండి.

పై వంపులో అన్నిటికంటే ఎత్తైన చోట చిన్న రంధ్రం వేసి ఎయిర్ ట్యూబ్ బిగించాలి. గాలి బయటికి మాత్రమే పోయేలా ఒక చెక్ వాల్వ్, దాని చివర 50 మి.లీ. సిరంజి. సిరంజితో గాలి లాగేస్తే నీళ్లు ఎక్కి సైఫన్ మొదలవుతుంది. ఇంకా మంచి దారి: ఆ ట్యూబ్‌ని ట్యాంకులోని పవర్‌హెడ్ గాలి పీల్చే మూతికి కలపండి. పోగైన గాలిని అదే ఎప్పటికప్పుడు లాగేస్తుంది.

మొదటి రన్ చేపలున్న ట్యాంకు మీద వద్దు. బాల్కనీలోనో, బాత్రూంలోనో రెండు టబ్బులతో చేయండి. ప్రొడక్షన్‌కి ముందు స్టేజింగ్!

డీబగ్గింగ్: లక్షణం, కారణం, మందు

సైఫన్ రోజురోజుకీ నీరసపడుతోంది, ఎక్కడా చుక్క కారడం లేదు. పై వంపులో లీక్ ఉంటే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి వెళ్తుంది. అక్కడి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ కాబట్టి. అందుకే పొడిగా ఉన్న జాయింట్‌ని కూడా అనుమానించాలి. ఒక్కో జాయింట్ చుట్టూ తడి గుడ్డ చుట్టి చూడండి. దేనికి చుడితే లోపల బుడగలు ఆగాయో, దొంగ అదే. చెక్ వాల్వ్‌ని కూడా వదలొద్దు. చవకరకం వాల్వులు కొన్నాళ్లకి వెనక్కి వదిలేస్తాయి.

జాయింట్లన్నీ బాగున్నాయి, అయినా గాలి చేరుతోంది. ఎయిర్ స్టోన్ ఎక్కడుందో చూడండి. దాని బుడగలు నేరుగా ఓవర్‌ఫ్లోలోకి వెళ్తుంటాయి. రెండో మూలకి జరపండి.

కరెంటు పోయి అరగంటైనా సంప్‌లోకి నీళ్లు సన్నగా కారుతూనే ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదకరమైన బగ్ ఇదే. ట్యాంకులో మునిగి ఉన్న జాయింట్ లీకైనా పర్లేదు, నీళ్లు నీళ్లలోకే కదా అనిపిస్తుంది. కానీ ఆగిపోయిన స్థితిలో పైపు లోపల మట్టం 27, బయట ట్యాంకు మట్టం 39. ఆ తేడా వల్ల నీళ్లు సందులోంచి పైపులోకి దూరి, సంప్‌కి వెళ్లిపోతూనే ఉంటాయి. అలా 27 దాకా దిగితే 48 లీటర్లు పైచిలుకు. 15 లీటర్ల ఖాళీ ఏ మూలకి? శుభ్రం చేసుకోవడానికి వీలుగా ఏ జాయింటైనా ఊడేలా ఉంచాలనుకుంటే మరలున్న ఫిట్టింగ్ వాడి టెఫ్లాన్ టేపు చుట్టండి. ఊరికే నొక్కి వదిలేయొద్దు. కరెంటు కోత టెస్టుని 2 నిమిషాలు కాదు, కనీసం 2 గంటలు చేయమనేది ఇందుకే.

టాయిలెట్ ఫ్లష్ లాంటి శబ్దం. టీ పై మూతికి క్యాప్ పెట్టి, దానికి చిన్న రంధ్రం వేయండి. ఆక్వేరియం వాళ్లు డర్సో స్టాండ్‌పైప్ అని పిలిచే డిజైన్ కిటుకు కూడా ఇదే. కిందికి దిగే పైపు మూతి సంప్ నీళ్లలో 2-3 సెం.మీ. మాత్రమే మునగాలి. అయితే శబ్దం పూర్తిగా పోవాలని క్యాప్‌కి రంధ్రమే లేకుండా మూసేయొద్దు. అలా చేస్తే సంప్ దాకా ఉన్న పైపంతా ఒకే సైఫన్ అయిపోయి, బయటి యూ వంపులో ఉండాల్సిన నీళ్లని కూడా పీల్చేస్తుంది. తర్వాత కరెంటు పోయినప్పుడు సైఫన్ తెగడం ఖాయం. ఆ చిన్న రంధ్రమే మీ ఇన్సూరెన్స్.

ట్యాంకు మట్టం మెల్లగా పెరుగుతోంది. గాట్లకి ఆకులో, నత్తలో అడ్డం పడి ఉంటాయి. వారానికోసారి బ్రష్ చేయండి. గప్పీ పిల్లలు పోతున్నాయని స్పాంజి చుడితే ఇంకా త్వరగా మూసుకుపోతుంది, అప్పుడు రోజూ చూసుకోవాల్సిందే.

బ్యాకప్ పైపు పెట్టాలా? పెడితే మంచిదే. కానీ రెండూ ఒకే ఎత్తులో వద్దు. నీళ్లు చెరిసగం పంచుకుంటే వేగం 25కి పడిపోయి బుడగల గొడవ మళ్లీ మొదలు. రెండో పైపు గాట్లని ఒక సెం.మీ. ఎత్తులో, 42 దగ్గర పెట్టి, నీళ్లు నింపి సిద్ధంగా ఉంచండి. మొదటిది మొరాయించినప్పుడే అది పనిలోకి దిగుతుంది.

మరి స్మార్ట్ సెన్సర్ల సంగతి?

గ్యాడ్జెట్ సైట్ కాబట్టి అడుగుతారని తెలుసు. ఈఎస్‌పీ32 బోర్డు, ఫ్లోట్ స్విచ్, రిలే.. నేనూ పెట్టాను. ట్యాంకు మట్టం మామూలు కంటే పైకి పెరిగితే పంపు ఆగుతుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. నిజం చెప్పాలంటే ఇది ఫ్లోర్ కోసం కాదు, ఫ్లోర్‌ని లెక్కలే కాపాడతాయి. ఇది పంపు ఎండిపోయి కాలిపోకుండా, ఫిల్టర్ ఆగిందని నాకు తెలియడానికి. సైఫన్ ఆగితే సంప్‌లో ఉన్న మంచి బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. గంటలు గడిచేకొద్దీ చేపలకి రిస్క్ పెరుగుతుంది.

మూడు జాగ్రత్తలు. ఒకటి, బోర్డు చచ్చిపోతే పంపు ఆగేలా రిలే కనెక్ట్ చేయండి. ఈ లాజిక్ వైఫై లేకపోయినా నడవాలి. రెండు, ఒకసారి ట్రిప్ అయితే మనం వచ్చి చూసి ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉండాలి. మూడు, వైర్లు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి, జారిన చుక్క అక్కడే కింద పడుతుంది. లైన్‌కి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఎండాకాలంలో ఆవిరైపోయిన నీళ్లని నింపే ఆటో టాప్-అప్ వాడేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. సైఫన్ తెగితే పంపు గదిలో మట్టం తగ్గుతుంది. ఆటో టాప్-అప్ దాన్ని ఆవిరి అనుకుని నీళ్లు పోస్తూనే ఉంటుంది. పంపు వాటిని కూడా పైకి తోసేస్తుంది. నా ట్యాంకులో మిగిలే ఖాళీ 8 లీటర్ల చిల్లర. అందుకే టాప్-అప్‌కి 5 లీటర్ల క్యానే పెట్టాను. 20 లీటర్ల వాటర్ క్యాన్ పెడితే వారమంతా హాయిగా ఉంటుంది, ఆ ఒక్క రాత్రి తప్ప.

టెస్ట్ రిజల్ట్స్

చేపలు లేకుండా బాల్కనీలో 20 సార్లు పంపు ఆపి, ఆన్ చేశాను. 20 సార్లూ దానంతట అదే మొదలైంది. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే ఆన్ చేసినా అంతే. గాట్లని చేత్తో పూర్తిగా మూసి పంపు నడిపిస్తే, మట్టం 42.9 దగ్గర ఆగింది. లెక్క చెప్పిందీ అదే. ఆ తర్వాతే చేపల ట్యాంకు మీదికి మార్చాను.

ఫైనల్ వర్డిక్ట్

ప్లస్‌లు: చవక, గాజుకి రంధ్రం అక్కర్లేదు, కరెంటు కోతల్ని తట్టుకుంటుంది, ఇల్లు మారితే ఊడదీసి పట్టుకెళ్లొచ్చు.

మైనస్‌లు: చూడ్డానికి ప్లంబింగ్ పనిలా ఉంటుంది, పై వంపులో గాలి మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచాలి, వారంవారం బ్రష్ చేయాలి.

కొత్త ట్యాంకు కొంటుంటే మాత్రం మొహమాటం లేకుండా రంధ్రం వేయించుకునే తీసుకోండి, సైఫన్ కంటే అదెప్పుడూ సేఫ్. ఉన్న ట్యాంకుకే సంప్ కావాలంటే ఈ పైపు బాగా పనికొస్తుంది. కాకపోతే హార్డ్‌వేర్ షాపుకి వెళ్లేముందు ఒక టేపు, ఒక కాగితం తీసుకుని మీ ట్యాంకులో ఒక సెం.మీ. ఎత్తుకి ఎన్ని లీటర్లో కట్టండి. ఆ ఒక్క నంబర్ తెలిస్తే మిగతా లెక్కలన్నీ పది నిమిషాల పని.